లస్కరు బాబాయి రేకులు

మా లస్కరు బాబాయి పోయిన మంగళవారం పొద్దున చనిపోయాడు. కబురు పిన్ని ఫోనులో చెప్పింది. ఆ సమయానికి నేను గురజాలలో నా కొట్టు తెరిచి, ఎవరిదో సెల్‌ఫోను వెనక మూత ఊడదీసి, పట్టకారుతో చిన్న స్క్రూ పట్టుకుని ఉన్నాను. ఫోను స్పీకరులో పెట్టాను. "అబ్బాయ్, మీ బాబాయి ఇంక లేడురా. టీ తాగి గ్లాసు కింద పెట్టాడు. అట్టాగే గోడకి ఆనుకున్నాడు. పిలిస్తే పలకలా," అంది. ఆమె ఏడవడం లేదు. ఎప్పుడు, ఎలా అన్నవన్నీ ఆమె చెప్పేసింది, ఇంక అడగడానికేముంది? స్క్రూని డబ్బాలో వేసి, మూత పెట్టి, షట్టరు దించాను.

ఆయన నాకు చుట్టం కాదు. మా ఊళ్ళో మా వెనక వీధి. వరసలు కలుపుకుని పిలుచుకుంటాం కాబట్టి బాబాయి. లస్కరు అన్నది ఆయన ఉద్యోగం. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను, సాగరు కాలవల మీద తూముల షట్టర్లు ఎత్తీ దించీ నీళ్ళు ఎటు ఎంత పోవాలో చూసుకునే మనిషిని లస్కరంటారు. ముప్పై ఏళ్ళకు పైగా కుడి కాలవ కట్ట మీద సైకిలు తొక్కాడు. రిటైరయ్యాక కూడా కట్ట మీదకు పోకుండా ఒక్క పూట ఉండలేదు. పొట్టి మనిషి, కటువు మాట. ప్యాంటు ఎప్పుడూ మోకాళ్ళ దాకా మడిచే ఉండేది. ఆదివారం చర్చికి వెళ్ళేటప్పుడు మాత్రం ఆ మడత విప్పేవాడు. ఎండకు వెలిసిన పైభాగం ఒక రంగు, మడతలో దాక్కున్న కిందిభాగం ఒక రంగు. "రెండు ప్యాంట్లు కలిపి కుట్టించావా బాబాయ్" అని మేం ఆటపట్టిస్తే, "ఒకటి కాలవకి, ఒకటి దేవుడికి" అనేవాడు.

రైతులు ఆయన్ని నీళ్ళ మనిషిగా గుర్తుపెట్టుకుంటారు. నీళ్ళ తగాదాల్లో ఆయన్ని తిట్టినవాళ్ళూ మొన్న పాడె మోశారు. నేను మాత్రం ఆయన్ని నా కుడిచేతితో గుర్తుపెట్టుకుంటాను. ఆ సంగతి చెప్పడానికే ఇది రాస్తున్నాను.

రెండున్నరేళ్ళ కిందట వానాకాలంలో, కొట్టు ముందు తడి గచ్చు మీద కాలు జారి అద్దాల కౌంటరు మీద పడ్డాను. అద్దం పగిలి మణికట్టు లోపలివైపు తెగింది. గుంటూరు తీసుకెళ్ళి నరం కుట్టించారు. గాయం మానింది, వేళ్ళు కదిలాయి, కానీ బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు, ఈ మూడింటి కొసలూ నావి కాకుండా పోయాయి. వేడి టీ గ్లాసు పట్టుకుంటే కాలుతోందని తెలిసేది కాదు. నరం చాలా నెమ్మదిగా పెరుగుతుందనీ, పట్టుకున్నదేమిటో చూడకుండా గుర్తుపట్టడం చేతికి మళ్ళీ నేర్పాలనీ డాక్టరు చెప్పాడు. బియ్యం గిన్నెలో బొత్తాలు, గోళీలు, తాళంచెవులు వేసి, కళ్ళు మూసుకుని వెతకమన్నాడు. వారం రోజులు వెతికాను. ఆ తర్వాత ఆ గిన్నెను చూస్తేనే ఒళ్ళు మండేది. నాకు ఓపిక తక్కువని నన్నెరిగినవాళ్ళందరికీ తెలుసు.

ఫోన్లు బాగుచేసేవాడికి ఆ మూడు వేళ్ళే ఆస్తి. ఫోనులో స్క్రూ ఆవగింజలో సగం ఉంటుంది. పట్టకారు గట్టిగా నొక్కితే ఎగిరిపోతుంది, వదులుగా పట్టుకుంటే జారిపోతుంది. ఎంత నొక్కాలో వేలికొస చెప్పాలి. నా వేలికొస ఏమీ చెప్పడం లేదు. కవర్లూ ఛార్జర్లూ అమ్ముకుంటూ, రిపేరు పనులు నరసరావుపేటలో తెలిసినతనికి పంపుతూ రోజులు నెట్టాను. అడిగినవాళ్ళందరికీ "చాలా నయం" అని చెప్పాను. డాక్టరుకూ అదే చెప్పాను, మా ఆవిడకూ అదే చెప్పాను. లోపల మాత్రం ఎండాకాలం దాకా చూసి కొట్టు వదిలేద్దామని తేల్చుకున్నాను. పిడుగురాళ్ళలో ఒక సున్నపుబట్టీ దగ్గర గేటు కాసే పని ఉందన్నారు. పదిహేనేళ్ళు కష్టపడి నేర్చుకున్న పని నాది. గేటు తీయడానికి వేలికొసలు అక్కర్లేదు కదా అని నన్ను నేనే ఎగతాళి చేసుకునేవాణ్ణి.

శివరాత్రికి కోటప్పకొండ తిరనాళ్ళు అయిపోయిన వారం, బాబాయి తన బటన్ల ఫోను పట్టుకుని కొట్టుకు వచ్చాడు. అందులో ఐదో అంకె పనిచేయడం లేదు. వేరేవాళ్ళయితే నరసరావుపేట పంపుతాననేవాణ్ణి. ఆయన ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చున్నాడు, తప్పలేదు. మూత తీశాను. మొదటి స్క్రూ తీస్తుంటేనే ఎగిరి కిందపడింది. నేను నేల మీద పాకుతూ టార్చి వేసి వెతుకుతుంటే ఆయన పైనుంచి చూస్తూ కూర్చున్నాడు.

"ఏంది, ఏళ్ళు పనిచెయ్యట్లా?" అన్నాడు.

"లేదు బాబాయ్, చానా నయం."

"నయమైతే ఆ చూపుడేలు మీద రగతమేంది?"

చూసుకున్నాను. ఫోను మూత అంచు కోసుకుని రక్తం బొట్టు కారుతోంది. నాకు తెలియనే లేదు. ఆయన జేబురుమాలు ఇచ్చి లేచాడు.

"రేపు ఎనిమిదింటికి కాలవ కట్ట కింద కుంట కాడికి రా. చేపలు పడదాం."

"నాకిప్పుడు చేపలేంది బాబాయ్!"

"చేపలు నాకు. నువ్వు ఊరికే రీలు తిప్పుదువుగాని."

ఫోను మాత్రం తీసుకెళ్ళలేదు. నరసరావుపేట పంపిస్తానంటే వద్దన్నాడు. "నువ్వు చేసినప్పుడే తీసుకుంటా. తొందరేముంది" అన్నాడు.

బాబాయి చేపల పిచ్చి ఊరందరికీ తెలిసిందే. ఆయన ఎర వాడడు, స్పిన్నరు వాడతాడు. పెద్ద పిన్నీసు తెరిచి పట్టుకుంటే ఎలా ఉంటుందో స్పిన్నరు తీగ అలా ఉంటుంది. కింది కాడకు సీసపు గుండు, గాలం, ఆ గాలాన్ని కప్పుతూ రబ్బరు కుచ్చు. పై కాడ చివర ఒక రేకు. నీళ్ళలో లాగితే రేకు గిరగిరా తిరిగి, చిన్న చేప ఈదుతున్నట్టు తళుక్కుమంటుంది. పై కాడ ముందుండి జమ్ముని పక్కకు తోస్తుంది కాబట్టి గాలం చిక్కుపడదు. కొరమీను ఉండేదేమో ఆ జమ్ములోనే.

మొదటి స్పిన్నరు ఆయనకు కాలవలోనే దొరికింది. ఒక ఏడు కాలవ కట్టేశాక, షట్టరు ఊచల దగ్గర అడుగున, ఎవరో పోగొట్టుకున్నది తుప్పుపట్టి కనిపించింది. అదేమిటో ఆయనకు అర్థం కాలేదు. రేకు ఊగుతోంది, కుచ్చు వేలాడుతోంది, ఏదో కొత్త రకం చెవికమ్మ అనుకున్నాడు. శుభ్రంగా తోమి తీసుకెళ్ళి పిన్నికిచ్చాడు. ఈ మాట పిన్ని ఎన్నిసార్లు చెప్పిందో. "రెండోది యాడ అని అడిగా. రెండోది నీళ్ళలో పోయుంటది, దొరికిందాకా ఒక చెవికి పెట్టుకో అన్నాడు. గాలం కనపడలా మారాజుకి!" అనేది. ఆయన పక్కనే కూర్చుని మీసం దువ్వుకునేవాడు. ఆ తర్వాత కాలవ చూడ్డానికి వచ్చిన ఒక ఇంజనీరు అదేమిటో చెప్పాడట. అప్పటినుంచి బాబాయి తనే తయారుచేసుకోవడం మొదలుపెట్టాడు. పాత స్టీలు చెంచాలు కోసి పొడుగు రేకులు, చిన్న గరిటెలు కోసి గుండ్రటి రేకులు, బెలూన్లు చీల్చి కుచ్చులు. పిన్ని వంటింట్లో చెంచాలు ఒకటొకటిగా మాయమయ్యేవి.

మర్నాడు ఎనిమిదింటికి వెళ్ళాను. అంత పొద్దెక్కాక చేపలేమిటని నా అనుమానం. ఆయన చెప్పాడు, ఈ కాలంలో తెల్లవారుజామున వచ్చేవాడు చలి తిని పోతాడని. చలికాలమంతా లోతున పడుకున్న కొరమీను, తిరనాళ్ళు దాటాక, ఒడ్డు నీళ్ళు వెచ్చబడినప్పుడు మోకాటిలోతుకి వస్తుంది. "ఎండ నీ ఈపుకి తగిలిందాకా గాలం ఎయ్యమాక" అన్నాడు. అలా వీపు కాలేదాకా కట్ట మీద కూర్చున్నాం. తర్వాత నన్ను నీళ్ళలోకి దింపాడు.

"కిందికి చూడు. కాలిగోరు కనపడతందా?"

"లేదు. పాదమే కనపడట్లా."

"అయితే బిళ్ళ రేకు."

ఆయన శాస్త్రమంతా ఇంతే. మోకాటిలోతు నీళ్ళలో నిలబడినప్పుడు కాలిగోరు కనపడితే నీళ్ళు తేటగా ఉన్నట్టు. అప్పుడు పొడుగు ఆకు రేకు వేయాలి, అది అదరదు, మెరుస్తుంది, తెల్ల కుచ్చు చాలు. గోరు కనపడకపోతే గుండ్రటి బిళ్ళ రేకు వేయాలి. బురదలో మెరుపు చేపకు కనపడదు, బిళ్ళ రేకు నీళ్ళను కొట్టే దెబ్బను అది ఒంటితో వింటుంది. దానికి పసుపు కుచ్చు. నేను రెండో వారంలో ఆన్‌లైన్లో ఒక డబ్బా తెప్పించాను. పన్నెండు స్పిన్నర్లు, పన్నెండు రంగులు, ఒకదానికి కళ్ళు కూడా పెట్టారు. బాబాయి వాటిని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇయ్యి చేపల్ని పట్టటానికి కాదు అబ్బాయ్, నీలాంటోళ్ళని పట్టటానికి" అని డబ్బా మూసేశాడు.

రీలు దారాన్ని నా చూపుడువేలి కొస మీదుగా పోనిచ్చి, రీలు నెమ్మదిగా తిప్పమన్నాడు. వేగం పెరిగితే అరిచేవాడు. "తిప్పమాక. తిరగనీ!" రేకు తిరగడానికి ఎంత కావాలో అంతే లాగాలి. అక్కడే ఆయన నన్ను పట్టుకున్నాడు. రేకు తిరుగుతోందో లేదో నీళ్ళ పైనుంచి కనపడదు. వేలికి తెలియాలి. వేసిన ప్రతిసారీ అదే ప్రశ్న. "తెలుస్తందా?"

మొదటి రోజు పెద్ద బిళ్ళ రేకు దెబ్బ మోచేతికి తెలిసింది. అదే చెప్పాను. వారానికి మణికట్టు దాకా వచ్చింది. తర్వాత అరచేతికి. ఆయన బిళ్ళను చిన్నది చేస్తూ వచ్చాడు. బియ్యం గిన్నె పనే ఇదీ అని నాకు అప్పటికే అర్థమైంది. కానీ ఇక్కడ ఎండ ఉంది, గాలి ఉంది, కట్ట మీద పోయే గేదెలున్నాయి, ఎప్పుడో ఒక చేప ఎగురుతుంది. గిన్నె మీద వచ్చిన కోపం కుంట మీద రాలేదు. అరచేయి దాటి వేలికొస దాకా మాత్రం ఏదీ రావడం లేదు. పది రోజులు, పన్నెండు రోజులు. నేను రోజులు లెక్కపెట్టడం ఆయన కనిపెట్టాడు.

ఒకరోజు నీళ్ళు తేటబడ్డాయి. ఆకు రేకు కట్టాడు. నేను ముఖం కడుక్కుని వచ్చి స్పిన్నరు జమ్ము అంచుకు విసిరాను, నెమ్మదిగా లాగాను.

"తెలుస్తందా?"

నాకేమీ తెలియడం లేదు. కానీ ఆ పొద్దున సున్నపుబట్టీ నుంచి కబురు వచ్చింది, వచ్చే నెల ఒకటో తేదీ నుంచి రమ్మని. మా ఆవిడ వాకిట్లో నిలబడి, "చెయ్యి నయమవుతోంది కదా, ఇంకా ఆ పనెందుకండీ" అంది. ఆ మాట చెవుల్లో ఉంది. ముసలాయన ముఖం చూశాను. అక్కడా అదే ఆశ.

"తెలుస్తంది బాబాయ్. వేలికే. సన్నగా, జలజలా తెలుస్తంది" అన్నాను. నా అబద్ధానికి కుచ్చు కూడా నేనే కట్టాను.

"బయటికి లాగు" అన్నాడు.

లాగాను. రేకుని తీగకు నల్లదారంతో రెండు చుట్లు చుట్టి కట్టేసి ఉంది. నేను ముఖం కడుక్కునేటప్పుడు కట్టాడు. అది ఒక్క చుట్టు కూడా తిరిగే వీలు లేదు.

నాకు సిగ్గు రావాల్సింది, కోపం వచ్చింది. గాలం కర్ర గట్టు మీద విసిరికొట్టాను. పెద్దమనిషి చేసే పనేనా ఇది, నన్ను పరీక్షించడానికి నువ్వెవరివి, అని నోటికొచ్చింది అన్నాను. ఆయన కర్ర తీసి, రీలులో పడ్డ ఇసుక ఊదుకుంటూ అంతా విన్నాడు.

"నాకు అబద్ధం చెబితే నాదేం పోదురా. నీ చెయ్యి ఇంటది. నయమైందని నువ్వే చెబితే అదింక ఎందుకు కష్టపడతది?" అన్నాడు. రీలు ఒకసారి తిప్పి చూసి, "నేను ముప్పై ఏళ్ళు కాలవ మీద చేశా. పైనుంచి నీళ్ళు రాకపోతే రాలేదనే చెప్పా. బూతులు తిట్టారు, ఒకడు సైకిలు కాలవలో పడేశాడు. వస్తన్నయ్యి అని చెబితే ఆ పూటకి నాకు సుఖమే. ఆ మాట నమ్మి ఆడు నారు పోసుకుంటాడు గదా" అన్నాడు.

నేను ఇంటికి వచ్చేశాను. మధ్యాహ్నం అన్నం దగ్గర కూర్చున్నాను, ముద్ద కలపలేకపోయాను. మా ఆవిడతో చెప్పాను, నయం కాలేదని, నెలల తరబడి అబద్ధం చెబుతున్నానని, బాబాయితో గొడవపడి వచ్చానని. ఆమె కూరగిన్నె కింద పెట్టింది. "నాకు తెలుసు. పొగలు కక్కే అన్నంలో చెయ్యి పెట్టి కలిపేస్తున్నారు. ఎప్పుడు చెబుతారా అని చూస్తున్నా" అంది. తర్వాత కొంగుతో ముఖం తుడుచుకుని, "ఆయన దగ్గరికి మళ్ళీ వెళ్ళండి" అంది. రెండు రోజులు బెట్టు చేసి మూడో రోజు వెళ్ళాను. బాబాయి ఏమీ జరగనట్టు కర్ర చేతికిచ్చాడు.

అప్పటినుంచి ఆయన పెట్టిన కట్టుబాటు ఒకటే. తెలియకపోతే "లేదు" అని గట్టిగా చెప్పాలి. పొద్దుటికి నలభైసార్లు విసిరితే నలభైసార్లు లేదు. కట్ట మీద పోయేవాళ్ళు మాది పిచ్చనుకున్నారు. ఒక పెద్దాయన ఆగి, "ఏంది లేదు లేదంటన్నారు, ఏం పోయింది?" అని అడిగాడు. "ఈడి ఏలు పోయింది, ఎతుకుతున్నాం" అన్నాడు బాబాయి. సున్నపుబట్టీ వాళ్ళకు ఇంకొక నెల ఆగమని చెప్పాను. వాళ్ళు ఆ ఒక్క నెలే ఆగుతామన్నారు.

ఆ నెలలో మూడు వారాలు గడిచాక, ఎండలు ముదిరిన ఒక పొద్దున, కాలిగోళ్ళు అద్దంలో చూసినట్టు కనపడుతున్నాయి. ఆకు రేకు, తెల్ల కుచ్చు. విసిరాను, స్పిన్నరు జమ్ము పక్కన మునిగేదాకా ఆగాను, లాగడం మొదలుపెట్టాను.

"తెలుస్తందా?"

"లేదు."

ఇంకో నాలుగు చుట్లు తిప్పాను. ఉన్నట్టుండి వేలికొస ఖాళీ అయిపోయింది. ఇంట్లో రోజంతా తిరిగే ఫ్యాను కరెంటు పోయి ఆగితే ఎలా ఉంటుందో అలా.

"బాబాయ్, ఆగింది!" అని అరిచాను.

"ఆగితే చూస్తావేంది, లాగు!"

లాగాను. నీళ్ళు విరిగాయి. మోచేతి నుంచి వేళ్ళ దాకా ఉన్నంత కొరమీను. వెనకనుంచి వచ్చి స్పిన్నరును నోట పట్టుకుని నావైపే ఈదిందట, అందుకే లాగుడు లేదు, రేకు ఆగడం ఒక్కటే. ఇదంతా ఆయన తర్వాత చెప్పాడు. అప్పుడు నేను చేపను చూడడమే లేదు. ఆగిందని తెలిసిందంటే అంతకుముందు తిరుగుతున్నదీ తెలిసినట్టే కదా. నా వేలు వింటూనే ఉంది, నేనే లేదు లేదంటున్నాను. కట్ట మీద కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాను. బాబాయి చేపను సంచిలో వేసి, సంచి మూతి కట్టి, నా పక్కన కూర్చున్నాడు. ఓదార్చలేదు. జేబులోంచి నల్లదారం ఉండ తీశాడు.

"అటు తిరుగు" అన్నాడు.

నేను అటు తిరిగినప్పుడల్లా ఒకసారి రేకు కట్టేవాడు, ఒకసారి వదిలేవాడు. పదిసార్లు విసిరాను. ఏడుసార్లు సరిగ్గా చెప్పాను. "మూడు తప్పు" అన్నాడు.

పిన్ని ఆ కొరమీనుకు మామిడికాయ వేసి పులుసు పెట్టింది. నేను ఆగలేక గిన్నెలో ముక్కను చేత్తో తీయబోయి, "అమ్మో, కాలింది!" అని వేలు వెనక్కి లాక్కున్నాను. చూపుడువేలు. పిన్ని తిట్టబోయి నా ముఖం చూసి ఆగింది. "చెయ్యి కాలితే ఇంత సంబరపడే మనిషిని నిన్నే చూశా" అంది.

సున్నపుబట్టీ గేటుకు వేరే మనిషిని చూసుకోమని మర్నాడే చెప్పాను. స్క్రూలు పట్టడం వెంటనే రాలేదు, ఆ వానాకాలం దాకా పట్టింది. మొట్టమొదట బాగుచేసింది ఆయన ఫోనే. "ఇన్నాళ్ళూ ఫోను లేక ఇబ్బంది పడలేదా బాబాయ్" అంటే, "ఎదురుపడ్డోళ్ళతోనే మాట్లాడా" అన్నాడు. మొన్న పిన్ని కబురు చెప్పింది ఆ ఫోనులోంచే.

థాంక్స్ చెప్పబోతే సాగనిచ్చేవాడు కాదు. "ఆదివారం వచ్చి పాస్టరుగారికి చెప్పుకో" అనేవాడు. నేను వెళ్ళలేదు. ఆయన రమ్మన్నప్పుడల్లా కుంట దగ్గరకి మాత్రం వెళ్ళాను. కుంటలో ఎర్రగా కొరమీను పిల్లల గుంపు నీటి మీద తేలుతుంటే మాత్రం ఎంత మంచి ఎండ ఉన్నా ఆ రోజుకి రీలు చుట్టేసేవాడు. కింద తల్లీ తండ్రీ కాపలా ఉంటాయి, వాటిని పట్టడం ఆయనకు ఇష్టం లేదు. చెప్పి ఊరుకునేవాడు కాదు, మాకంటే ముందు వచ్చిన వాళ్ళని కూడా లేపి పంపేవాడు.

ఈ ఏడు తిరనాళ్ళ తర్వాత ఆయన గాలం వేయలేదు. మేం చివరిసారి వెళ్ళినప్పుడు కట్ట ఎక్కుతూ రెండుచోట్ల ఆగాడు. ఆయాసమా అంటే కాదన్నాడు. కాదు అన్నాడు కాబట్టి కాదనుకున్నాను. అబద్ధం చెప్పని మనిషి కదా అని నమ్మాను. తన ఒంటి విషయంలో ఆయన కూడా నాలాంటివాడేనని నాకు తోచలేదు. డాక్టరు దగ్గరకి లాక్కెళ్ళి ఉండాల్సింది. ఈ మాట పిన్నితో అంటే, "నేను మాత్రం కనుక్కున్నానా" అంది. ఆ రోజే నేను నీళ్ళలో దిగి కాళ్ళు చూసుకుంటుంటే ఆయన గట్టు మీదనుంచి, "ఏ రేకు?" అని అడిగాడు. "బిళ్ళ" అన్నాను. ఊఁ అన్నాడు. అంతకన్నా మెచ్చుకోలు ఆయన దగ్గర లేదు.

బుధవారం మధ్యాహ్నం ఊరి బయట సమాధుల తోటలో ఆయన్ని దించాం. ఇద్దరు కూతుళ్ళు, ఒకరు మాచవరం నుంచి, ఒకరు మాచర్ల నుంచి వచ్చారు. అడుగున రాయి తగిలి గొయ్యి తీయడానికి గడ్డపారలతో పొద్దుటినుంచీ కష్టపడ్డారు. పాస్టరుగారు ప్రార్థన ముగించాక ఒక్కొక్కరూ పిడికెడు మట్టి వేసి పక్కకు జరుగుతున్నారు. నా వంతు వచ్చింది. వంగి ఎడమచేత్తో మట్టి తీశాను. రెండున్నరేళ్ళ అలవాటు. తీశాక చూసుకుని, ఆ మట్టి కుప్ప మీద వదిలేసి, కుడిచేయి పెట్టాను. పైన మట్టి ఎండకు కాలుతోంది. వేళ్ళు లోపలికి పోనిచ్చాను. లోపల చల్లగా, చెమ్మగా ఉంది. సున్నపురాయి ముక్క ఒకటి చూపుడువేలికి గుచ్చుకుంది. గొయ్యి అంచున నిలబడి చేయి చాపాను కానీ పిడికిలి తెరవబుద్ధి కాలేదు. నా వెనకవాళ్ళు ఆగిపోయారు.

పిన్ని వచ్చి నా మోచేయి పట్టుకుంది. "ఇంక వదులు, అబ్బాయ్" అంది.

వేళ్ళు కొంచెం కొంచెంగా సడలించాను. మట్టి జారింది. బొటనవేలి పక్కనుంచి పోయింది తెలిసింది, చూపుడువేలి మీదుగా పోయింది తెలిసింది. మధ్యవేలికి తెలియలేదు.